తోటకూర ఎందుకు వాడింది?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఒక నాయనమ్మ ఆకుకూరలు అమ్ముతుంది. ముందు గోనెపట్టా. పట్టా మీద తోటకూర, పాలకూర, పుంటికూర, కొత్తిమీర, పుదీన. పొద్దున ఏడింటికి వచ్చి కూర్చుంటుంది. సరుకు అయిపోతే మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. అయిపోకపోతే దీపాలు పెట్టేదాకా అక్కడే.

ఇల్లు ఎల్.బి.నగర్‌లో. కొడుకు ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. కింద సెల్లారులో వాళ్లకు ఒక గది ఇచ్చారు. కొడుకు, కోడలు, మనుమరాలు, నాయనమ్మ, నలుగురూ ఆ గదిలోనే ఉంటారు. మనుమరాలు సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నది.

నాయనమ్మ చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. అరవై దాటినాక సాయంత్రం కేంద్రంలో అక్షరాలు దిద్దింది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. దారిలో మెట్రో స్టేషన్ల పేర్లు చదువుతుంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్. ఆ మూడో పేరు నోరు తిరగడానికి నెల రోజులు పట్టింది.

ఆమె వ్యాపారానికి సొంత పెట్టుబడి లేదు. పొద్దున తొమ్మిది వందలు అప్పు తీసుకుంటుంది. సాయంత్రం వెయ్యి కట్టాలి. అంటే రోజూ నూరు రూపాయలు వడ్డీకే పోతాయి. కూర వాడిపోయిన రోజు ఆ నూరు ఎక్కడి నుంచి తేవాలి? నాయనమ్మ భయం అంతా అదే.

పుస్తకంలో అబద్ధం రాశారా?

ఏప్రిల్ నెల. ఒక రాత్రి మనుమరాలు పాఠం చదువుకుంటున్నది. ఉన్నట్టుండి తల ఎత్తింది.

"నాయనమ్మా, ఆకులు ఎండలనే అన్నం వండుకుంటయట. నువ్వేమో కూర నీడల పెడతవు. నీడల పెడితే దానికి తిండి ఎట్ల దొరుకుతది? రేపు ఎండల పెట్టి చూడు, తాజాగ ఉంటది."

నాయనమ్మకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్ల అనుభవం వేరే మాట చెప్తున్నది. కానీ చదువుకుంటున్న పిల్ల చెప్పింది. పుస్తకం చూసి చెప్పింది. మరునాడు పట్టాను మెట్రో వంతెన నీడ నుంచి జరిపి, ఎండ పడే అంచుకు వేసింది.

తొమ్మిదింటికి కొత్తిమీర తల వంచింది. పదింటికి పాలకూర మెత్తబడింది. పదకొండింటికి తోటకూర కట్టలు తడిపిన గుడ్డల్లాగ వేలాడినయి. కొనేవాళ్లు చేతిలోకి తీసుకుని, చూసి, కింద పెట్టి పోయారు. సగం సరుకు సగం ధరకు పోయింది. మిగిలింది ఆవులకు వేసింది. సాయంత్రం చేతిలో ఆరు వందలు కూడా లేవు.

రాత్రి కొడుకు కోపం చేశాడు. "పుస్తకంల అబద్ధం రాసిన్రా? లేకుంటే నీకే సమజ్ కాలేదా?" అని పిల్లను అడిగాడు. పిల్ల ఏడ్చింది. నాయనమ్మ మాత్రం ఏమీ అనలేదు. వాడిన తోటకూర కట్ట ఒకటి ఇంటికి తెచ్చుకుంది. దాని కాడలు చెంబు నీళ్లలో పెట్టి పడుకుంది. తెల్లవారి చూస్తే కట్ట నిటారుగా లేచి నిలబడ్డది!

"చచ్చిపోయింది అనుకున్న. మల్ల ఎట్ల బతికింది బిడ్డా?" అని అడిగింది.

పిల్ల దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను బడిలో సైన్సు మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. మేడమ్ విని నవ్వలేదు. "శనివారం మీ నాయనమ్మను తీసుకురా" అన్నది.

ఇటుకల గోడ

శనివారం బడిలో మేడమ్ ఒక ఉల్లిగడ్డను కోసింది. లోపలి రేకు మీద పలుచని పొర ఉంటుంది. దాన్ని మెల్లగా లాగింది. గాజుపలక మీద పరిచి, ఎర్ర రంగు చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. మైక్రోస్కోపు అంటే చిన్నదాన్ని పెద్దగా చూపించే పరికరం. ఆ బడిలో ఉన్నది నూరంతలు పెద్దగా చూపిస్తుంది.

నాయనమ్మ ఒక కన్ను మూసి, ఒక కన్ను పెట్టి చూసింది. ముందు ఏమీ కనపడలేదు. తన రెప్ప వెంట్రుకలే కనపడినయి. మేడమ్ మర తిప్పింది.

"అమ్మో! ఇటుకల గోడ!"

అవును. పొడుగు పొడుగు ఇటుకలు పేర్చినట్టు ఉంది. ఒక్కో ఇటుకే ఒక కణం. ఉల్లిగడ్డ అంతా ఇట్లాంటి కణాలే. తోటకూర కణాలే. ఈగ కణాలే. మన చర్మం, నెత్తురు, ఎముక కణాలే. ఉల్లిపొర కణాలు కాస్త పెద్దవి. ఆకులోని కణాలు ఇంకా చిన్నవి. స్కేలు మీద రెండు చిన్న గీతల మధ్య ఒక మిల్లీమీటరు చోటు ఉంటుంది కదా. అంత చోటులో ఆకు కణాలు ఇరవై దాకా పక్కపక్కన పడతాయి.

కణాన్ని ఇంగ్లీషులో సెల్ అంటారు. సెల్ అనగానే మనకు ఫోను గుర్తుకొస్తుంది. టార్చిలైటులో వేసేదాన్ని కూడా సెల్ అనే అంటాం. ఇక్కడ ఆ మాటకు చిన్న గది అని అర్థం. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన సీసా మూతకు వాడే బెండును పలుచగా కోసి చూశాడు. ఆయనకు తేనెపట్టు లాంటి ఖాళీ గదులు కనిపించాయి. అందుకే ఆ పేరు పెట్టాడు.

"మన గది లాంటిదే అన్నట్టు" అన్నది నాయనమ్మ.

ఆ మాట బాగుంది. ఆ గదిలోకే పోయి చూద్దాం.

గదికి గోడ ఉంటుంది. మొక్క కణానికీ గట్టి గోడ ఉంటుంది. దాన్ని కణకవచం అంటారు. మన శరీరంలోని కణాలకు ఈ గట్టి గోడ లేదు. గోడకు ఆనుకుని లోపల పలుచని పొర ఉంటుంది. ఇది వాచ్‌మన్ లాంటిది. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్నది ఈ పొర చూసుకుంటుంది. నీళ్లను సులువుగా పోనిస్తుంది. చాలా వస్తువులను ఆపుతుంది. దీని పేరు కణత్వచం. పొర లోపల చిక్కటి గంజిలాంటి పదార్థం. అందులో ఒక పక్కగా గుండ్రని కేంద్రకం. ఈ కణం ఎట్లా పెరగాలి, ఎట్లా పని చేయాలి అనే రాత అంతా అందులో భద్రంగా ఉంటుంది.

ఇక గదిలో ఎక్కువ చోటు ఆక్రమించేది ఏది? నీళ్ల డ్రమ్ము! దీన్ని రిక్తిక అంటారు. పెరిగిన మొక్క కణంలో చాలా భాగం ఈ రిక్తికే. కిలో పాలకూర తూకం వేస్తే అందులో సుమారు 900 గ్రాములు నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లలో ఎక్కువ భాగం ఈ డ్రమ్ముల్లోనే ఉంటుంది.

తోటకూర నిలబడటానికి ఎముకలు లేవు. మరి దేని బలంతో నిలబడుతుంది? నీళ్ల బలంతో. సైకిల్ ట్యూబులో గాలి నిండితే గట్టిగా ఉంటుంది. గాలి పోతే టైరు చప్పబడుతుంది. కణం కూడా అంతే. డ్రమ్ము నిండా నీళ్లుంటే అది గోడను లోపలి నుంచి నెడుతుంది. గోడ బిగుసుకుంటుంది. అన్ని కణాలు బిగుసుకుంటే ఆకు నిటారుగా నిలబడుతుంది. నీళ్లు తగ్గితే గోడ వదులవుతుంది. ఆకు వాలిపోతుంది. ఇదే వాడటం.

గోడ వదులైంది కానీ విరగలేదు. వాచ్‌మన్ పొర చినగలేదు. కాడలు నీళ్లలో పెట్టగానే నీళ్లు పైకి ఎక్కి డ్రమ్ములు మళ్లీ నిండినయి. కట్ట లేచి నిలబడ్డది. నాయనమ్మ ప్రశ్నకు జవాబు ఇదే. అయితే మరీ ఎక్కువ ఎండితే పొర చినిగిపోతుంది. అప్పుడు ఎన్ని నీళ్లు పోసినా ఆకు లేవదు.

ఉల్లిగడ్డ ముక్కల మీద ఉప్పు చల్లితే నీళ్లూరుతాయి. మీకు తెలిసిందే. బయట ఉప్పు ఎక్కువైతే కణంలోని నీళ్లు పొర దాటి బయటికి వస్తాయి. మామిడికాయ ముక్కల్లో ఉప్పు కలిపితే ఊట వచ్చేది కూడా ఇందుకే. పచ్చడి పెట్టే ప్రతి ఆడమనిషికీ ఈ శాస్త్రం చేతులకు తెలుసు. పేరే తెలియదు.

పచ్చని గింజలు

మేడమ్ రెండో గాజుపలక పెట్టింది. చేపల తొట్టిలో నీళ్ల అడుగున పెరిగే ఒక సన్నని మొక్క ఆకు అది. ఈసారి ఇటుకల్లో పచ్చని గింజలు కనిపించినయి. పెసరగింజల్లాగ ఉన్నాయి. ఇంకో వింత! ఆ గింజలు గోడ వెంబడి మెల్లగా జరుగుతున్నాయి.

"నడుస్తున్నయి! బిడ్డా, లోపల నడుస్తున్నయి!" అని నాయనమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకుంది.

ఆ గింజల పేరు హరితరేణువులు. ఆకు లోపలి కణాల్లో ఒక్కోదాంట్లో ఇవి పదుల సంఖ్యలో ఉంటాయి. వీటిలో పత్రహరితం అనే పచ్చని రంగు ఉంటుంది. ఆకు పచ్చగా ఉండేది దీనివల్లనే. ఉల్లిపొరలో ఈ గింజలు లేవు. ఎందుకంటే ఉల్లిగడ్డ మట్టిలో ఉంటుంది. అక్కడ వెలుతురు లేదు. వెలుతురు లేనిచోట ఈ గింజలకు పని లేదు. అదే ఉల్లిగడ్డకు పైన ఉన్న ఆకు మాత్రం పచ్చగా ఉంటుంది.

ఈ పచ్చని గింజే అసలు వంటిల్లు. ఇక్కడ జరిగే వంటకు పెద్ద పేరుంది. కిరణజన్య సంయోగక్రియ. పేరు చూసి భయపడొద్దు. విడదీసి చదవండి. కిరణ అంటే వెలుగు కిరణం. జన్య అంటే దానివల్ల పుట్టినది. సంయోగం అంటే కలపడం. క్రియ అంటే పని. వెలుగు సాయంతో కలిపే పని. నాయనమ్మ దీన్ని నాలుగు ముక్కలుగా చదివింది. విక్టోరియా మెమోరియల్ కంటే తొందరగానే వచ్చింది.

ఏం కలుపుతుంది? రెండే రెండు. ఒకటి వేరు నుంచి వచ్చే నీళ్లు. రెండోది గాలిలోని బొగ్గుపులుసు వాయువు. మనం ఊపిరి వదిలినప్పుడు, పొయ్యి మండినప్పుడు వచ్చే వాయువు ఇది. గాలిలో ఇది చాలా తక్కువ. పది వేల పాళ్లలో సుమారు నాలుగు పాళ్లే. ఆకు ఆ కాస్తనే ఏరుకుంటుంది. పొయ్యిలో మంటకు బదులు ఎండ. వంట అయ్యాక వచ్చేది చక్కెర. వంటింట్లో పొగ బయటికి పోయినట్టు ఇక్కడ ఆక్సిజన్ బయటికి పోతుంది. ఆకు వద్దని వదిలేసిన ఆ ఆక్సిజన్‌తోనే మనం ఊపిరి పీలుస్తున్నాం.

ఈ చక్కెరలో కొంత పిండి అవుతుంది. బియ్యంలో, ఆలుగడ్డలో ఉన్నది ఆ పిండే. కొంత పండ్లలోకి పోతుంది. కొత్తపేటలో ఏళ్ల తరబడి పండ్ల మార్కెట్ ఉండేది. ఇప్పుడు బాటసింగారానికి పోయింది. అక్కడికి వచ్చే మామిడిపండ్ల లారీలో ఉన్న తీపి అంతా ఆకులు వండి పంపిందే. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డున పోతే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి పార్కు ఉంది. అక్కడి కృష్ణజింకలు గడ్డి తింటాయి. గడ్డి ఎండను తింటుంది.

పొయ్యి ఉంది, బియ్యం ఉంది, ఎసరు లేదు

ఇప్పుడు ఆ రోజు జరిగిన నష్టం సంగతికి వద్దాం. పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఆకు ఎండలోనే వండుకుంటుంది. మరి కూర ఎందుకు వాడింది?

గాలి ఆకులోకి ఎట్లా పోతుంది? ఆకు అడుగుభాగంలో కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. వీటిని పత్రరంధ్రాలు అంటారు. చాలా మొక్కల్లో ఆకు మీద ఒక చదరపు మిల్లీమీటరు చోటులోనే ఇవి వందకు పైగా ఉంటాయి. ప్రతి రంధ్రానికి రెండు వైపులా చిక్కుడుగింజ ఆకారంలో రెండు కణాలు కాపలా ఉంటాయి. అవి నీళ్లతో ఉబ్బితే తలుపు తెరుచుకుంటుంది. నీళ్లు తగ్గి చప్పబడితే తలుపు మూసుకుంటుంది.

చిక్కు ఇక్కడే ఉంది. తలుపు తెరిస్తే గాలి లోపలికి వస్తుంది. కానీ అదే తలుపు నుంచి నీళ్లు ఆవిరై బయటికి పోతాయి. ఒకటి కావాలంటే ఇంకోటి పోగొట్టుకోవాలి. మొక్క తాగిన నీళ్లలో నూటికి తొంభై ఐదు పాళ్లకు పైగా ఇట్లా ఆవిరైపోయేవే. మొక్క మట్టిలో ఉన్నంతసేపు ఫరవాలేదు. పోయిన నీళ్లను వేరు మళ్లీ తెచ్చి పోస్తుంది. నాయనమ్మ దగ్గరున్న కట్టకు మాత్రం వేరు లేదు. వేరు ఉన్నా మట్టి లేదు, మట్టిలో తడి లేదు. ఎండ ఉంది. గాలి ఉంది. నీళ్లు లేవు. పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, బియ్యం పోసి, ఎసరు పోయకపోతే ఏమవుతుంది? మాడుతుంది. అంతే జరిగింది.

మేడమ్ మనుమరాలితో అన్న మాట ఇది: "నువ్వు చదివింది నిజమే. ఒక్క వాక్యం చదివి ఆగిపోయావు. తర్వాతి వాక్యంలో నీళ్ల సంగతి ఉంది."

పిల్ల పుస్తకం తీసి చూసింది. నిజంగానే ఉంది.

కోసిన ఆకు బతికే ఉంటుంది

ఇంకో విషయం కూడా నాయనమ్మ చేతులకు ముందే తెలుసు. మిగిలిన కట్టలను రాత్రి పాలిథిన్ కవరులో కుక్కి, మూతి గట్టిగా కట్టేది. పొద్దున విప్పితే లోపల వెచ్చగా ఉండేది. ఆకు పసుపుబారి, జిగట జిగటగా, వాసన వచ్చేది. ఎందుకు వెచ్చబడింది?

కోసినంత మాత్రాన ఆకు చావదు. దాని కణాలు బతికే ఉంటాయి. బతికి ఉంటే ఖర్చు ఉంటుంది. మనం అన్నం తిని బలం తెచ్చుకున్నట్టే కణాలు తాము దాచుకున్న చక్కెరను ఆక్సిజన్‌తో కలిపి కరిగిస్తాయి. బలం వస్తుంది. కొంత వేడి కూడా వస్తుంది. దీన్ని శ్వాసక్రియ అంటారు. పొలంలో ఉన్నప్పుడు పగలు సంపాదన, రాత్రీ పగలూ ఖర్చు. కట్టలోకి వచ్చాక సంపాదన దాదాపు లేదు, ఖర్చు ఒక్కటే. అప్పు తెచ్చి సరుకు కొన్న మనిషి లాగే. వేడి ఎక్కువైతే ఖర్చు ఇంకా పెరుగుతుంది. కవరులో గాలి ఆడదు. తడి, వేడి కలిసి కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు పండుగ అవుతుంది.

ఈ ఖర్చు సంగతిలో మన తెలుగువాడి పేరు ఒకటి వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. 1923లో అమెరికా పోయాడు. 1929లో అక్కడ హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్క్ అనే ఆయనతో కలిసి కండరంలో ఏ.టీ.పీ. అనే పదార్థాన్ని కనుక్కున్నాడు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా వేరుగా కనుక్కున్నాడు. ఇది కణంలో చిల్లర డబ్బు లాంటిది. చక్కెర ఐదు వందల నోటు అనుకోండి. పది రూపాయల కొత్తిమీరకు ఐదు వందల నోటు ఇస్తే నాయనమ్మ ఏమంటుంది? చిల్లర తెమ్మంటుంది. కణం కూడా అంతే. చక్కెరను ఏ.టీ.పీ. అనే చిల్లరగా మార్చుకుని పనులకు వాడుకుంటుంది. ఆకులో ఎండ పడినప్పుడు ముందు తయారయ్యేది కూడా ఈ చిల్లరే. దానితోనే తర్వాత చక్కెర కడుతుంది. తోటకూరకూ మనిషికీ ఒకటే చిల్లర! సుబ్బారావు తర్వాత నడిపిన పరిశోధనశాలలోనే బోదకాలు మందు కూడా తయారయ్యింది. మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర అదే. ఇంత చేసిన మనిషి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1948లో న్యూయార్కులో చనిపోయాడు.

కణాల గురించి ఇప్పటికీ పరిశోధన సాగుతూనే ఉంది. దూరం పోనక్కర లేదు. ఎల్.బి.నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా హబ్సిగూడ పోయే దారిలో సీసీఎంబీ అనే పెద్ద సంస్థ ఉంది. 1977లో మొదలయ్యింది. ఆ పేరులో మొదటి మాటల్లోనే కణం ఉంది.

మట్టి తిని పెరుగుతుందా?

నాయనమ్మకు ఇంకో అనుమానం. "చెట్టు మట్టి తిని పెరుగుతది కదా?"

చాలామంది అట్లాగే అనుకున్నారు. సుమారు నాలుగు వందల ఏళ్ల కింద బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన తూకం వేసి చూశాడు. సుమారు 90 కిలోల ఎండిన మట్టిని తొట్టిలో పోసి, రెండు కిలోల పైచిలుకు మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లే పోశాడు. చెట్టు దాదాపు 77 కిలోలు అయింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూచాడు. ఎంత తగ్గింది? 60 గ్రాములు కూడా తగ్గలేదు! చెట్టు బరువు అంతా నీళ్ల నుంచే వచ్చింది అనుకున్నాడాయన. సగం ఒప్పు, సగం తప్పు. గాలి కూడా బరువుగా మారుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. వేపచెట్టు మొద్దులో ఉన్న బొగ్గు అంతా ఒకప్పుడు గాలిలో తిరిగిందే. మట్టి ఇచ్చేది కొంచెమే. కానీ ఆ కొంచెం లేకపోతే మొక్క ఎదగదు. ఎరువు వేసేది అందుకే.

పుదీన కథ కూడా చెప్పాలి. 1771లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అనే ఆయన మూసిన గాజుపాత్రలో కొవ్వొత్తి వెలిగించాడు. కాసేపటికి ఆరిపోయింది. ఆ గాలిలో పుదీన రెమ్మ పెట్టాడు. పది రోజుల తర్వాత అదే గాలిలో ఇంకో కొవ్వొత్తి చక్కగా వెలిగింది. పుదీన గాలిని బాగు చేసింది. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డాక్టరు ఇంకో మాట చేర్చాడు. ఈ పని ఆకుపచ్చని భాగాలే చేస్తాయి, అదీ వెలుతురులోనే.

"నా దగ్గరి పుదీననా?" అన్నది నాయనమ్మ. ఆ జాతిదే.

రాత్రి చెట్టు కింద పడుకుంటే దయ్యం గొంతు పిసుకుతుంది అంటారు కొందరు. చదువుకున్నవాళ్లు దయ్యాన్ని తీసేసి బొగ్గుపులుసు వాయువును పెట్టారు. రాత్రి చెట్టు ఆ వాయువును వదిలే మాట నిజం. కానీ బయట గాలి ఆడుతూ ఉంటుంది. దానివల్ల మనిషికి ఊపిరి ఆడకపోవడం జరగదు. పామును చూసుకోండి, ఎండుకొమ్మను చూసుకోండి, చాలు.

ఇప్పుడు పట్టా ఎక్కడ?

నాయనమ్మ పట్టా మళ్లీ వంతెన నీడకు వచ్చింది. 2018లో మెట్రో రైళ్లు నడవడం మొదలైన వంతెన అది. నీడలో ఉంటే రోడ్డు మీద పోయేవాళ్లకు కూర కనపడదని ఆమె బాధ. దానికీ ఉపాయం చేసింది. రెండు కట్టలు మాత్రం ముందు పెడుతుంది. మిగతా సరుకు తడి గోనె కింద. గోనెలోని తడి ఆరుతూ చల్లబరుస్తుంది. కట్టల తాళ్లు కొంచెం వదులు చేస్తుంది, నడుమ గాలి ఆడేటట్టు. కొత్తిమీర వేళ్లు బొచ్చెలో నీళ్లలో ఉంటాయి. గంటకోసారి నీళ్లు చల్లుతుంది. తాగే నీళ్లే. మోరీ నీళ్లలో ముంచితే ఆకు లేస్తుంది, కానీ తిన్నవాళ్లు మంచాన పడతారు. రాత్రి కవరు కట్టడం మానేసింది. తడిగుడ్డలో చుట్టి, గంపలో పెడుతుంది.

రోజూ పదిహేను కట్టలు పారేసేది. ఇప్పుడు నాలుగో, ఐదో. వడ్డీ ఇంకా నూరు రూపాయలే. అది తగ్గలేదు. మిగిలిన డబ్బు డబ్బాలో వేస్తున్నది. తొమ్మిది వందలు కూడితే పొద్దున్నే అప్పు అడగనక్కర లేదని లెక్క. లెక్క గోడ మీద బొగ్గుతో తనే రాస్తున్నది. మొన్నటికి మూడు వందల నలభై.

సెల్లారు గది ముందు ఒక డబ్బాలో కరివేపాకు మొక్క ఉండేది. కోడలు రోజూ నీళ్లు పోసేది. అయినా పాలిపోయి, సన్నగా సాగి, ఆకులు రాల్చేది. తెగులు అనుకున్నారు. మనుమరాలు ఒకరోజు దాన్ని ఎత్తుకుపోయి పైన గేటు పక్కన, పొద్దుటి ఎండ పడేచోట పెట్టింది. ఈసారి మాత్రం చెంబుతో నీళ్లు కూడా తీసుకుపోయింది.

మూడో వారానికి చిగురు వేసింది. చారులోకి నాలుగు రెబ్బలు తుంచబోతే నాయనమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే పొయ్యి అంటుకున్నది. ఇంకో నెల ఆగు."

చేసి చూడండి: పచ్చగడ్డి ఉన్నచోట ఒక ఇటుక పెట్టండి. ఆరు రోజులు ముట్టుకోవద్దు. ఏడో రోజు తీసి, కింది గడ్డి రంగు చూడండి. ఇటుక తీసేసి ఇంకో వారం ఆగి మళ్లీ చూడండి. ఏమైందో మీ నోటుబుక్కులో మూడు వాక్యాలు రాయండి.